తవుడులో కాల్షియం తక్కువ చూపిస్తే నెబులైజర్ మార్చాలా?

మీరు అడిగింది ఇదీ: నల్గొండలోని మీ ల్యాబ్‌లో ఏఏఎస్ (మంటలో పరమాణువులు పీల్చుకునే వెలుగును బట్టి లోహాలను కొలిచే మెషీన్) మీద బోరునీళ్లకు కాల్షియం బాగానే వస్తోంది. మిర్యాలగూడ మిల్లుల తవుడుకు మాత్రం 5 పీపీఎం స్పైక్ (తెలిసిన మోతాదులో అదనంగా కలిపే కాల్షియం) వేస్తే 3 దగ్గరే ఆగిపోతోంది. ద్రావణాన్ని తుంపరగా చేసి మంటలోకి పంపే నెబులైజర్ మార్చాలా?

ఇప్పుడే మార్చకండి. అదే డైజెస్ట్‌లో (తవుడును ఆమ్లంలో కరిగించిన ద్రావణంలో) జింక్ స్పైక్ చేసి చూడండి. నెబులైజర్ మూసుకుపోయినా, ద్రావణం చిక్కగా ఉన్నా జింక్ కూడా పడిపోవాలి. జింక్ పూర్తిగా వచ్చి కాల్షియం ఒక్కటే రాలేదంటే గొడవ మంటలో ఉన్నట్టే. ఈ సంగతి తెలియక నేను నెబులైజర్‌ను రెండు రోజులు సన్న తీగతో పొడిచాను, పాపం దాని తప్పేమీ లేదు.

తవుడులో కాల్షియం కన్నా ఫాస్ఫరస్ ఎన్నో రెట్లు ఎక్కువ. మంటలో తుంపర ఆరేటప్పుడు రెండూ కలిసి కాల్షియం ఫాస్ఫేట్ రేణువులై గట్టిపడతాయి. గాలి–ఎసిటిలీన్ మంట దాదాపు 2300 డిగ్రీలు ఉన్నా అవి పూర్తిగా విడిపోవు. 422.7 నానోమీటర్ల వెలుగును పీల్చుకునేది విడి పరమాణువులే కాబట్టి, ఫ్లాస్కులో ఉన్న కాల్షియమే మెషీన్‌కు కనబడదు. బోరునీళ్లలో ఫాస్ఫేట్ పెద్దగా ఉండదు, అందుకే అక్కడ ఇబ్బంది రాలేదు.

దీనికి మందు ల్యాంథనమ్ క్లోరైడ్. ఫాస్ఫేట్‌ను తాను పట్టేసుకుని కాల్షియంను వదిలేస్తుంది. చివరి ద్రావణంలో ల్యాంథనమ్ 0.5 శాతం ఉండేలా నేను కలుపుతాను. ల్యాంథనమ్ ఆక్సైడ్ నుంచి తయారు చేసుకుంటుంటే ఆమ్లం మెల్లగా పోయండి, బాగా వేడెక్కుతుంది.

నేను అసలు దెబ్బతిన్నది ఇక్కడే. శాంపిళ్లకు ల్యాంథనమ్ కలిపాను, స్టాండర్డ్‌లకూ (కాల్షియం ఎంతుందో తెలిసిన ద్రావణాలు) బ్లాంక్‌కూ (శాంపిల్ లేని ద్రావణం) కలపలేదు. మా సీసాలోని ల్యాంథనమ్‌లోనే కొంత కాల్షియం ఉంది. రీడింగులు పైకి లేస్తే ఫాస్ఫేట్ అడ్డు (ఇంటర్‌ఫెరెన్స్) పోయిందని సంబరపడ్డాను. తర్వాత ల్యాంథనమ్ కలిపిన బ్లాంక్ పెట్టి చూస్తే అదీ లేచి కూర్చుంది! వారం రిపోర్టులు మళ్లీ చేయాల్సొచ్చింది. అన్నిటికీ ఒకే సీసాలోది, ఒకే మోతాదులో కలపండి.

నైట్రస్ ఆక్సైడ్–ఎసిటిలీన్ మంట ఇంకా వేడి, అందులో ఫాస్ఫేట్ బెడద దాదాపు ఉండదు. కానీ ఆ వేడికి కాల్షియం అయనీకరణం చెంది (ఎలక్ట్రాన్ పోగొట్టుకుని) మళ్లీ తక్కువ చూపిస్తుంది, దాన్ని ఆపడానికి పొటాషియం క్లోరైడ్ కలపాలి. పైగా దానికి 5 సెంటీమీటర్ల బర్నరే వాడాలి. 10 సెంటీమీటర్లది బిగించి వెలిగిస్తే మంట వెనక్కి కొట్టి పేలుతుంది. తవుడు కోసం అంత టెన్షన్ అక్కర్లేదు, ల్యాంథనమ్ చాలు.