తరీఫాకి ఒక్క రోజు సరిపోదండీ, ముందు గాలి చూసుకోండి

సెప్టెంబర్ ఆఖర్లో స్పెయిన్ వస్తున్నాం, వలస పక్షులు ఆఫ్రికాకి దాటడం చూడ్డానికి దక్షిణ కొసన ఉన్న తరీఫాకి ఒక్క రోజు పెట్టుకుంటే చాలా, ఎక్కడ నిలబడాలి అని అడిగారు కదా. నేను ఉండేది మాలగాలో, అక్కణ్ణుంచి కారులో రెండు గంటలు, అయినా మొదటిసారి మీలాగే ఒక్క రోజు ప్లాన్ వేసుకుని బోర్లా పడ్డా.

ఆ రోజు లెవాంతే, అంటే తూర్పు గాలి, మనిషిని నిలబడనివ్వట్లా. ఊరి పైన కొండ మీద కథాయా అని పక్షుల్ని చూసే అబ్జర్వేటరీ ఉంది (స్పెల్లింగ్ చూసి కజల్లా అనకండి, ఎవరికీ అర్థం కాదు), పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నా. పక్షులు లేక కాదు, బోలెడున్నాయి, కానీ ఒక్కటీ దాటట్లేదు, సముద్రం దాకా పోవడం, గాలి కొట్టగానే వెనక్కి తిరగడం. విసుగొచ్చి ఇంటికొచ్చేశా. రెండ్రోజుల తర్వాత గాలి తగ్గిందట, ఆగినవన్నీ ఒకేసారి దాటాయట, నేనేమో ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నా.

అసలు సంగతేంటంటే గద్దలు, డేగలు, స్టార్క్ జాతి కొంగలు రెక్కలు కొట్టి దూరాలు పోవు, ఎండకి నేల వేడెక్కి పైకి లేచే గాలి మీద గుండ్రంగా తిరిగి ఎత్తుకెక్కి అక్కణ్ణుంచి జారుకుంటూ పోతాయి. నీటి మీద ఆ వేడిగాలి పుట్టదు. అందుకే స్పెయిన్‌కీ మొరాకోకీ మధ్య జిబ్రాల్టర్ జలసంధి ఇరుకైన చోట, 14 కిలోమీటర్లే ఉన్న చోట దాటడానికి అన్నీ ఇక్కడికి చేరతాయి. పొనియెంతే అంటే పడమటి గాలి వీస్తే వాటిని తూర్పుకి నెట్టేస్తుంది, అప్పుడు అల్‌హెసిరాస్ వైపు అల్గరోబో అనే ఇంకో పాయింట్ ఉంది, అక్కడికి వెళ్ళండి. తూర్పు గాలైతే పడమటికి నెడుతుంది, అప్పుడు కథాయా. కాబట్టి మూడు రోజులన్నా ఉంచుకోండి, ఎక్కడికెళ్ళాలో ముందు రాత్రి గాలి ఫోర్‌కాస్ట్ చూసి తేల్చుకోండి.

తెల్ల స్టార్క్‌ల గుంపులు, నల్ల గద్దలు ఆగస్టులోనే దాటేస్తాయి, హనీ బజర్డ్ అనే గద్దలు కూడా మీరొచ్చేసరికి చాలావరకు అయిపోతాయి. బాధపడకండి, మీకు షార్ట్ టోడ్ ఈగిల్ టైమ్ అది, పాముల్ని తినే డేగ, మన దేశంలోనూ ఉంటుంది. రెండోసారి వెళ్ళినప్పుడు ఒకటి మా తలల మీంచి ఎంత కిందుగా పోయిందంటే పొట్ట కింద తెలుపు, దాని మీద గోధుమ చారలు బైనాక్యులర్స్ లేకుండానే కనపడ్డాయి, తల కాస్త పక్కకి తిప్పి మావైపు పసుపు కన్నుతో ఒక చూపు చూసి ఎదురుగా మొరాకో కొండలకేసి సాగిపోయింది. పక్కన స్పానిష్ పెద్దాయన గట్టిగా నవ్వేశాడు, నాకు నోట మాట రాలా. బుల్లి బూటెడ్ ఈగిల్స్, నల్ల స్టార్క్‌లు కూడా దొరుకుతాయి.

తెల్లారి ఆరింటికే లేవక్కర్లా, ఎండెక్కాక పదింటి నుంచి రెండు దాకా బావుంటుంది. గాలి అస్సలు కలిసిరాకపోతే లా హాందా పొలాలకి పోండి, ఒకప్పటి పెద్ద చెరువు ఎండగట్టి వరి వేశారు, నాకైతే గోదావరి జిల్లాలో మా ఊరి చేలగట్టు మీద ఉన్నట్టే అనిపిస్తుంది, మన దగ్గర కరెంట్ తీగల మీద కూర్చునే ఎర్ర కళ్ళ బ్లాక్ వింగ్డ్ కైట్ అక్కడా ఉంది.

8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించే) బైనాక్యులర్స్ చాలు. టోపీ మాత్రం గడ్డం కింద తాడుండేది తెచ్చుకోండి, నాది ఆ కొండ కింద ఏ ముళ్ళపొదలోనో ఉంది ఇప్పటికీ.