మొదటి మూడు నెలలు ఇంట్లో బడి పెట్టకండి

నమస్తే అండి. ఆరో తరగతిలో ఉన్న మీ అమ్మాయిని బడి మాన్పించి ఇంట్లో చదివిద్దామనుకుంటున్నామన్నారు. ఎలా మొదలుపెట్టాలి, చట్టం ఒప్పుకుంటుందా, పదో తరగతి ఎలా రాయించాలి అని అడిగారు. మాదీ శ్రీకాకుళమే. మా బాబును అయిదో తరగతి మధ్యలో మాన్పించాం. నాలుగేళ్లయింది.

ముందు చట్టం సంగతి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచితంగా చదువు చెప్పించమంటుంది. అందులో ఇంటి చదువు ప్రస్తావన లేదు, ఇంట్లో చదివించే తల్లిదండ్రులకు శిక్ష వేసే సెక్షనూ లేదు. నాకు ధైర్యమిచ్చింది నాలుగో సెక్షన్. చదువు మధ్యలో ఆగిన పిల్లలను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని అందులో ఉంది. రేపు మీకు కుదరకపోతే మళ్లీ బడికి దారి ఉందన్నమాట. టీసీ మాత్రం తప్పక తీసుకుని దాచండి. సచివాలయం నుంచి వెల్ఫేర్ అసిస్టెంట్ వచ్చి పిల్లాడు బడికెందుకు రావట్లేదని అడిగితే, వాడు చేసినవన్నీ తేదీలతో రాసుకున్న నోటుపుస్తకం చూపించాను. ఆ పుస్తకం మీరూ మొదటి రోజు నుంచే రాయండి. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు రావని కూడా ముందే లెక్కేసుకోండి, దానికి బడిలో 75 శాతం హాజరుండాలి.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్నది. బడి మాన్పించిన మర్నాడే నేను గోడకి టైంటేబుల్ అంటించాను. తొమ్మిదింటికి లెక్కలు, పదింటికి ఇంగ్లిష్, అలా నాలుగింటి దాకా. పది రోజులకే వాడు పుస్తకం చూస్తే కళ్లనీళ్లు పెట్టుకోవడం మొదలైంది. బడిలో ఏ భయం నుంచి తప్పిద్దామనుకున్నానో అదే భయాన్ని ఇంట్లోకి తెచ్చిపెట్టాను. ఇప్పటికీ ఆ రోజులు తలుచుకుంటే బాధేస్తుంది. పక్కన మా అత్తగారు, "గుంటడ్ని ఇంట్లో కూకోబెట్టీసి ఏటి సేద్దారనమ్మా?" అని రోజూ అడిగేవారు. ఆవిడ దిగులు ఆవిడది, తప్పు పట్టలేను.

మా ఆయన ఆ కాగితం తీసేసి, ఒక ఆదివారం వాణ్ణి పొందూరు తీసుకెళ్లారు. అక్కడ ఖద్దరు తయారీలో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు కదా. ఆ సన్నని పళ్లతో గింజ మీద పత్తిని దువ్వుతుంటే మావాడు కదల్లేదట. ఇంటికొచ్చాక, "నూరో నంబరు నూలంటే ఏంటి?" అని అడిగాడు. 840 గజాల నూలు ఒక చిలప. ఒక పౌండు బరువుకు ఎన్ని చిలపలు తూగితే అది ఆ నంబరు నూలు. నూరో నంబరుకు 84,000 గజాలు. గజాలను మీటర్లు చేసి, మీటర్లను కిలోమీటర్లు చేసి, సుమారు 77 కిలోమీటర్లని తేల్చాడు. అరకిలో కూడా తూగని నూలు, సాగదీస్తే ఇక్కణ్ణుంచి విజయనగరం దాకా వస్తుంది! దశాంశాలంటే ఏడ్చిన పిల్లాడు ఆ రాత్రి వాళ్ల నాయనమ్మను కూర్చోబెట్టి ఈ లెక్క చెప్పాడు. ఆవిడ అడగడం తగ్గించింది ఆ తర్వాతే.

అందుకే, మొదటి రెండు మూడు నెలలు పాఠాలు చెప్పకండి. మీ అమ్మాయి దేని దగ్గర ఆగుతుందో చూడండి. చలికాలమైతే తేలినీలాపురం తీసుకెళ్లండి, చింతచెట్ల మీద గూడకొంగలు (పెలికాన్లు) పిల్లలకు మేత పెట్టడం చూడొచ్చు. శాలిహుండం కొండెక్కితే బౌద్ధ స్తూపాలూ, కింద వంశధారా. ఇంటికొచ్చాక చూసినదాని గురించి పది వాక్యాలు తెలుగులో రాయించండి. మేం ఇదొక్కటి మాత్రం ఏ రోజూ వదల్లేదు.

తర్వాత పొద్దున్న రెండు గంటలు కూర్చుంటే ఆ వయసుకు చాలు. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలే వాడండి. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉంటాయి కాబట్టి రెండు భాషలూ వస్తాయి. దీక్ష యాప్‌లో ఉచితంగా దొరుకుతాయి.

పదో తరగతికి దిగులొద్దు. జాతీయ సార్వత్రిక పాఠశాల, అదే ఎన్‌ఐఓఎస్, 14 ఏళ్లు నిండితే చేర్చుకుంటుంది. తెలుగు మీడియం ఉంది. అయిదు సబ్జెక్టులు చాలు, అన్నీ ఒకేసారి రాయనక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అయిదేళ్లు చెల్లుతుంది. పరీక్షలు ఏటా రెండు విడతలు. మన రాష్ట్ర ఓపెన్ స్కూల్ కూడా ఉంది. మావాణ్ణి ఈ ఏడు ఎన్‌ఐఓఎస్‌లో చేర్చాం, ముందు రెండు సబ్జెక్టులు రాస్తానన్నాడు.

ఇద్దరూ ఉద్యోగాలకెళ్లి, పగలు ఇంట్లో పెద్దవాళ్లెవరూ ఉండకపోతే మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. పిల్ల ఫోనుతో ఒంటరిగా మిగిలిపోతుంది.

ఒక్కటి అడగనా? మీ ప్రశ్నలో అమ్మాయి ఏమంటోందో లేదు. మేం అడిగినప్పుడు మావాడు, "బడి మానేస్తా గానీ, సాయంత్రం మా జట్టుతో ఆడుకోడానికి పంపాలి" అన్నాడు. నాలుగేళ్లుగా అయిదింటికి పంపుతున్నాం. పరీక్షలున్నా సరే.