పసుపు శాంపిల్‌లో మూడు పీకులు మధ్యాహ్నానికి కలిసిపోతున్నాయి, కాలమ్ పాడైనట్టేనా?

కడప పసుపులో కర్క్యుమిన్ (పసుపుకు రంగునిచ్చే పదార్థం)ను హెచ్‌పీఎల్‌సీలో, అంటే ద్రవంతో కాలమ్ అనే గొట్టం గుండా పంపి పదార్థాలను విడదీసే యంత్రంలో చూస్తుంటే, పొద్దున విడివిడిగా వచ్చిన మూడు పీకులు (ఒక్కో పదార్థానికి గ్రాఫ్‌లో లేచే శిఖరాలు) మధ్యాహ్నానికి ముందుకు జరిగి ఒకదానిమీదొకటి పడుతున్నాయన్నారు. నా అనుమానం కాలమ్ మీద కాదు, గది వేడి మీద.

సీ18 కాలమ్‌లో ఉండేది సన్నటి సిలికా గుళికలు, వాటికి అతికించిన 18 కార్బన్ల గొలుసులు. నీటిలో ఇమడని అణువు ఈ గొలుసుల దగ్గర ఎక్కువసేపు ఆగి ఆలస్యంగా బయటికొస్తుంది. పసుపులోని మూడు కర్క్యుమిన్ రకాలకూ తేడా మెథాక్సీ గ్రూపులే (ఆక్సిజన్, కార్బన్ ఉన్న చిన్న గుంపులు). బిస్‌డిమెథాక్సీ కర్క్యుమిన్‌కు ఒక్కటీ లేదు, డిమెథాక్సీకి ఒకటి, కర్క్యుమిన్‌కు రెండు. మామూలుగా వచ్చే వరస కూడా అదే, కర్క్యుమిన్ చివర. తేడా ఇంత చిన్నది కాబట్టే కాస్త మార్పుకే కలిసిపోతాయి.

వేడి ఒక్క డిగ్రీ పెరిగితే రిటెన్షన్ (పదార్థం కాలమ్‌లో ఆగే సమయం) సుమారు 1-2 శాతం తగ్గుతుంది. చాలా కాలమ్ ఓవెన్లు (కాలమ్‌ను ఒకే వేడిలో ఉంచే పెట్టెలు) వేడి చేస్తాయే గానీ చల్లబరచవు. మీరు 30 డిగ్రీలు పెట్టారనుకోండి. ఏప్రిల్‌లో కరెంటు పోయి ఏసీ ఆగితే మన గదులు 36 దాటుతాయి, ఓవెన్ చేసేదేమీ ఉండదు. 40 పెట్టండి. సెట్టింగ్ ఎప్పుడూ గది వేడి కన్నా పైనే ఉండాలి.

తర్వాత మొబైల్ ఫేజ్, అంటే కాలమ్ గుండా పారే ద్రవం. 250 × 4.6 మి.మీ., 5 మైక్రాన్ల కాలమ్‌కు అసిటోనైట్రైల్ (ఒక ద్రావకం), 0.1 శాతం ఆర్థోఫాస్ఫారిక్ ఆమ్లం కలిపిన నీళ్లు సగం సగం. వేగం నిమిషానికి 1 మి.లీ.; పీకులు చూసే కాంతి 425 నానోమీటర్లు. రెండూ 500 మి.లీ. చొప్పున వేర్వేరుగా కొలిచి కలపాలి. ఒకటి పోసి లీటరు గీత దాకా రెండోది నింపితే నిష్పత్తి తప్పుతుంది, ఎందుకంటే కలిశాక మొత్తం పరిమాణం కొంత తగ్గుతుంది. కలపగానే సీసా చల్లబడుతుంది కూడా. అది గది వేడికి వచ్చాకే డీగ్యాస్ చేయండి (కరిగిన గాలి తీసేయండి), లేదంటే పంపులో బుడగలు చేరి ప్రెషర్ ఊగుతుంది. అసిటోనైట్రైల్ వాటా 10 శాతం (50 నుంచి 60కి) పెరిగితే రిటెన్షన్ రెండు మూడు రెట్లు పడిపోతుంది. ఈ కాలమ్‌లో అసలు ఆగని పదార్థం దాదాపు 2.5 నిమిషాలకు వచ్చేస్తుంది; మీ మొదటి పీక్ దాని దగ్గరికి చేరుతుంటే అసిటోనైట్రైల్ 45 శాతానికి దించండి.

శాంపిల్‌ను ఉత్త మెథనాల్‌లోనే 20 మైక్రోలీటర్లు ఎక్కిస్తే మొదటి పీక్ వెడల్పవుతుంది, ఒక్కోసారి చీలుతుంది. మొబైల్ ఫేజ్‌తో పలచన చేసి 10 ఎక్కించండి, చాలు. వెలుతురుకు కర్క్యుమిన్ పాడవుతుంది కాబట్టి గోధుమరంగు వయల్ (చిన్న సీసా) తప్పనిసరి. 0.45 మైక్రాన్ పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) ఫిల్టర్ వాడి, మొదటి 2 మి.లీ. పారబోయండి. నైలాన్ ఫిల్టర్ కర్క్యుమిన్‌ను పట్టేసుకునే ప్రమాదం ఉంది.

పొద్దున, మధ్యాహ్నం అదే స్టాండర్డ్‌ను (ఏముందో ముందే తెలిసిన కర్క్యుమిన్ ద్రావణాన్ని) ఎక్కించి చూడండి. స్టాండర్డ్ కూడా జరిగితే తప్పు వేడిదో మొబైల్ ఫేజ్‌దో. శాంపిల్ ఒక్కటే చెడితే దాని తయారీలో ఉంది. అన్నీ సరిచేశాక కూడా చివరి రెండు పీకుల మధ్య రిజల్యూషన్ (అవి ఎంత విడిగా ఉన్నాయో చెప్పే కొలత) 1.5 రాకపోతే, అప్పుడు కొత్త కాలమ్‌కు డబ్బు పెట్టండి.