నరసాపురంలో పాత మండువా ఇల్లు కొనొచ్చా? కొనండి, కానీ సంక్రాంతికి చూసి కాదు

రిటైరయ్యాక ఉండటానికి నరసాపురంలో పాత మండువా ఇల్లు, అంటే నడిమధ్య పైకప్పు లేకుండా తెరిచుంచిన పెంకుటిల్లు, కొని, పడగొట్టి డాబా వేసుకోవచ్చా అని అడిగారు. కొనండి. పడగొట్టకండి. మేం గోదావరి గట్టుకు దగ్గర్లో అలాంటి ఇంట్లోనే ఉంటున్నాం.

బ్రోకర్లు ఇళ్లు సంక్రాంతికి చూపిస్తారు. కాలవల నిండా నీళ్లు, చల్లగాలి, వీధి పొడుగునా ముగ్గులు, ఎవరికైనా నచ్చేస్తుంది. నేను పట్టుబట్టి మే నెలలో, డెల్టాలో కాలవలకు నీళ్లు ఆపేసే రోజుల్లో వెళ్లాను. బ్రోకరు "నూతిలో నీళ్లు కొబ్బరినీళ్లేనండి" అంటుంటే పక్కింటి అరుగు మీదున్న మామ్మగారు విని, లేచొచ్చి, చేద వేసి తోడి, చెంబు నా చేతికిచ్చారు. నోట్లో పోసుకోగానే ఉప్పు. "ఇవి వాడకానికే బాబూ, తాగడానికి పంపు నీళ్లే. మునుపు ఇంత ఉప్పు లేదు" అన్నారు. 1986 ఆగస్టు వరద ఎందాకా వచ్చిందో కూడా ఆవిడే చూపించారు. అరుగు పైమెట్టు దాకా వచ్చి ఆగిందట, ఇంట్లోకి రాలేదట. ఇవి ఏ దస్తావేజులోనూ దొరకవు, ఇరుగుపొరుగునే అడగాలి.

ఆ ఉప్పుకు కారణం రొయ్యల చెరువులే, నన్నడిగితే. బంగారంలాంటి వరిచేలు తవ్వేసి, బోర్లు తోడేసి, ఊళ్లకి తాగునీళ్లు లేకుండా చేస్తున్నారు. అడిగేవాడే లేడు.

ఇక పడగొట్టొద్దని ఎందుకన్నానంటే, ఇక్కడివాళ్లకి ఇల్లు కట్టడం తెలుసు. 17వ శతాబ్దంలో యూరప్ వర్తకులు వచ్చి పక్కనే ఉన్న మాధవాయిపాలెంలో ఓడలు కట్టించుకున్న ఊరిది. ఆ ఎత్తు అరుగు వరద కోసం, మధ్యలో మండువా గాలీ వెలుతురూ కోసం. గానుగ సున్నం గోడ తడిసినా ఆరిపోతుంది. డాబా అలా కాదు, ఉప్పుగాలికి లోపల ఊచలు తుప్పుపట్టి ఉబ్బి స్లాబు పెచ్చులూడుతుంది. మా వీధిలో నిన్నగాక మొన్న కట్టిన వాటికే ఊచలు బయటపడ్డాయి. పెంకుటింటికి ఏటా వానలకు ముందు పెంకులు సర్దించుకుంటే చాలు, కాకపోతే ఆ పని తెలిసిన మేస్త్రిని ముందే మాట్లాడుకోండి, తక్కువమందే మిగిలారు.

ఈసీ (ఆస్తి మీద తాకట్లూ లావాదేవీలూ చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) ఎలాగూ చూస్తారు. అసలు టెన్షన్ వారసులతో. హైదరాబాదులో ఒకరు, అమెరికాలో ఒకరు ఉంటారు, ఆడపిల్లల సంగతి అడిగితే "వాళ్లేం అడగరండి" అని దాటేస్తారు. ఒప్పుకోకండి. వాళ్లతో సహా అందరి సంతకాలూ పడేదాకా అడ్వాన్సు మించి రూపాయి ఇవ్వకండి.