తాళం మార్చే ముందు ఈ ఉత్తరం చదువు

కట్టమంచి, చిత్తూరు.

చిరంజీవి సౌభాగ్యవతి మా మేనకోడలికి మామ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేము క్షేమం. మీ అత్తయ్యకు మోకాళ్ళ నొప్పి తప్ప వేరే ఇబ్బంది లేదు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. అల్లుడుగారి చనిపోయిన స్నేహితుడి కొడుకు, మీ మేడమీది గదిలో ఉంటున్న పుంగనూరు అబ్బాయి, ఈ ఆదివారం అలిపిరి మెట్ల మీదుగా కొండకు నడిచి వెళ్తున్నాడనీ, వాడు దిగి వచ్చేలోగా నువ్వు గది తాళం మార్పించి, వాడి సామాను సంచుల్లో కట్టించి గేటు దగ్గర పెట్టించాలని నిశ్చయించుకున్నావనీ చెప్పింది. ఆ తరువాత నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో మాట్లాడితే నేను కోప్పడతాను, నువ్వు ఏడుస్తావు, అసలు సంగతి అలాగే ఉండిపోతుంది. అందుకే ఉత్తరం రాసి, రేపు తిరుపతికి వస్తున్న మా పక్కింటి అబ్బాయి చేతికి ఇస్తున్నాను.

ముందు ఒక మాట చెప్పాలి. నీకు ఏడెనిమిదేళ్ళప్పుడు వేసవి సెలవులకు మా ఇంటికి వచ్చావు. ఎవరో చుట్టాల పిల్ల నీ చాప లాక్కుంటే, నోరు మెదపకుండా గోనెపట్ట పరుచుకుని పడుకున్నావు. పొద్దున నీ చెంప మీద గోనె అచ్చు చూసి మీ అత్తయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అటువంటి పిల్ల ఈ రోజు నా ఇల్లు నాకు కావాలి అంటోందంటే నాకు గర్వంగానే ఉంది. నన్ను భయపెట్టేది నువ్వు ఎంచుకున్న దారి.

నిరుడు రథసప్తమికి ఏడు వాహనాల సేవ చూడటానికి మూడు రోజులని వచ్చినవాడు, బ్యాంకు పరీక్షల కోచింగ్ అని పధ్నాలుగు నెలలు ఉండిపోయాడు. రాత్రి రెండు దాకా ఫోన్ చూసుకుంటాడు, పగలు పదింటికి లేస్తాడు, తిన్న కంచం తీయడు. జూన్‌లో పాప పదో తరగతికి వస్తుంది కనుక ఆ గది దానికి కావాలి. ఇంతకంటే పెద్ద కారణం అక్కరలేదు. వాడు దొంగో తాగుబోతో అని రుజువైతేనే పొమ్మనాలని నువ్వు అనుకుంటున్నట్టున్నావు, అందుకే వాడి తప్పులు వెతికి వెతికి లెక్క పెడుతున్నావని మీ అమ్మ అంది. ఆ లెక్క మానేయి. తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకు చుట్టాల కొరత ఎన్నడూ ఉండదు. దర్శనం పేరుతో దూరపు బంధువూ ఇంటివాడే అవుతాడు. కొండమీద వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో వచ్చినవాళ్ళను నువ్వెవరివని ఎవరూ అడగరు, అయినా తిన్న పంక్తి లేస్తేనే కదా వెనకవాళ్ళకు విస్తరి పడేది.

ఇక చట్టం సంగతి. ముప్పై ఎనిమిదేళ్ళు చిత్తూరు కోర్టుల్లో ప్లీడరు గుమాస్తాగా ఇటువంటి కాగితాలే మోశాను కనుక చెప్పగలను. అద్దె లేకుండా, మీ మంచితనం మీద మీ ఇంట్లో ఉన్నవాడు అద్దెకున్నవాడు కాడు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం వాడి స్థితిని లైసెన్సు అంటుంది, అంటే కేవలం అనుమతి. మామూలుగా ఆ అనుమతిని ఇచ్చినవాళ్ళు వెనక్కు తీసుకోవచ్చునని 60వ సెక్షన్ చెబుతుంది. అయితే అక్కడితో ఆగిపోకు. అనుమతి రద్దయిన మనిషికి బయటికి వెళ్ళడానికీ, తన సామాను తీసుకుపోవడానికీ న్యాయమైన గడువు ఇవ్వాలని 63వ సెక్షన్ అంటుంది. పొమ్మనే హక్కు మీదే, కానీ ఆ గడువు వాడిది. ఆదివారం నువ్వు చేయబోయేది ఆ గడువును కాజేయడమే.

పన్నెండేళ్ళు ఉంటే ఇల్లు వాడిదైపోతుందని మీ వీధిలో ఎవరో భయపెట్టారట. అనుమతితో ఉన్నవాడికి ఆ పన్నెండేళ్ళ లెక్క వర్తించదు. గోవాలో ఒక ఇంటి గురించి తోబుట్టువుల మధ్య నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2012లో ఈ మాట స్పష్టంగానే చెప్పింది. బంధువుగానో స్నేహితుడిగానో కాపలాదారుగానో ఉచితంగా ఉన్నవాడికి ఎన్ని దశాబ్దాలు గడిచినా ఆ ఇంటిలో హక్కు పుట్టదు. అలాగే ఆధార్ కార్డులో మీ చిరునామా వేయించుకున్నాడని కంగారు పడకు. ఆధార్ చిరునామాతో ఇల్లు ఎవరిదీ అయిపోదు. వెళ్ళిన తరువాత మార్చుకోమని చెబితే చాలు.

నాకు అంతకంటే పెద్ద చిక్కులు రెండు కనబడుతున్నాయి. మొదటిది, అల్లుడుగారు వాడి దగ్గర ఫోన్‌పేలో నెలకు రెండు వేలు తీసుకుంటున్నారని విన్నాను. అది బియ్యానికో కరెంటు బిల్లుకో కావచ్చు, కానీ పంపేటప్పుడు వాడు దాని పక్కన రెంట్ అని రాసి ఉంటే రేపు ఏ వకీలైనా పట్టుకునేది ఆ ఒక్క మాటనే. ఈ నెల నుంచి ఆ డబ్బు తీసుకోవద్దని చెప్పు. రెండవది, ఇల్లు మీ అత్తగారి పేరున ఉంది. కాగితం రాయవలసి వస్తే ఆమె సంతకంతోనే రాయాలి. నీ కోపం ఎంత న్యాయమైనదైనా దస్తావేజులో నీ పేరు లేదు.

ఇప్పుడు నేను ఇంతవరకు మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పని సంగతి చెబుతాను.

1991లో మేము మిట్టూరులో రెండు గదుల వాటాలో అద్దెకు ఉండేవాళ్ళం. మా పెదనాన్న కూతురి కొడుకు, వాయల్పాడు అబ్బాయి, ఇరవై ఏళ్ళవాడు, టైపు నేర్చుకోవడానికి మా ఇంటికి వచ్చాడు. ఆరు నెలలన్నది రెండేళ్ళయింది. టైపు పరీక్షల్లో లోయర్ పాసయ్యాడు, హయ్యర్ రెండుసార్లు తప్పాడు. నాకు అప్పటికి ఎదుటి పార్టీ తాళం పగలగొడితే ఏ కాగితం దాఖలు చేయాలో, ఎన్నాళ్ళలో చేయాలో కంఠస్థం. కక్షిదారులకు రోజూ చెప్పేవాడిని. ఆ తెలివి నా గుమ్మం దగ్గర పనికి రాలేదు. మీ అత్తయ్య పురిటికి పుట్టింటికి వెళ్ళింది. ఆమె ఉంటే నన్ను చేయనిచ్చేది కాదు, అది తెలిసే ఆమె లేని రోజు చూసుకున్నాను. బజారు వీధిలో కొత్త అలీగఢ్ తాళం కొన్నాను. వాడి రేకు పెట్టె వసారాలో చూరు కింద పెట్టి, దాని మీద చీటీ ఒకటి రాసి రాయి పెట్టాను. ముఖం చూసి చెప్పే ధైర్యం లేక చీటీ రాశాను.

అది కార్తీకమాసం. సాయంత్రం నుంచి వాన. రాత్రి తొమ్మిదింటికి ఇన్‌స్టిట్యూట్ నుంచి వాడు వచ్చిన అలికిడి వినబడింది. నేను దీపం ఆర్పేసి లోపల కూర్చుని ఉన్నాను. గొళ్ళెం రెండుసార్లు కొట్టాడు. "మామా" అని ఒకసారి పిలిచాడు. కాసేపటికి పెట్టె పిడి ఖణేల్‌మని మోగింది, ఎత్తబోయి మళ్ళీ దించేశాడన్నమాట. తరువాత చెప్పుల చప్పుడు వీధి చివరి దాకా వినబడింది. వాడు ఆ రాత్రంతా బస్టాండులో బెంచీ మీద గడిపాడని తరువాత తెలిసింది.

తెల్లవారి తలుపు తీసేసరికి గాలికి వాన వాటం మారి, చూరు నీళ్ళు రాత్రంతా సరిగ్గా ఆ పెట్టె మీదే పడి ఉన్నాయి. మూత సందులోంచి నీళ్ళు లోపలికి దిగాయి. బట్టల అడుగున పదో తరగతి సర్టిఫికెట్టు, ఇంటర్ మార్కుల జాబితా, టైపు సర్టిఫికెట్టు ముద్దయి ఉన్నాయి. హెడ్మాస్టరు నీలిసిరా సంతకం మరకలా పాకిపోయింది. వాటిని పాత న్యూస్‌పేపరు మడతల్లో పెట్టి పొయ్యి దగ్గర ఆరబెట్టాను. ఆరిన తరువాత తీస్తే పేపరులోని అక్షరాలు తిరగబడి ఆ సర్టిఫికెట్టు మీదికి ఎక్కి ఉన్నాయి, వాడి పుట్టిన తేదీ మీద అడ్డంగా. వాడు పెట్టె కోసం వచ్చినప్పుడు నేను ఆ కాగితం చేత్తో పట్టుకునే ఉన్నాను. వాడు ఏమీ అనలేదు. చదువుకున్నవాడు కదా, తిరగబడిన అక్షరాలను కూడబలుక్కుని చదవడానికి కొంచెంసేపు చూశాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంకో పదిరోజుల్లో వాడికి ఒక టైపిస్టు ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది, దరఖాస్తు నేనే నింపాను. అసలు సర్టిఫికెట్లు చూపించాలి. నకళ్ళకు అఫిడవిట్టు, చలాన్, హెడ్మాస్టరు సంతకం, హైదరాబాదుకు కాగితాలు అంటూ నెలలు పట్టింది. ఆ ఉద్యోగం పోయింది.

నేను పనిచేసిన ప్లీడరుగారికి సంగతి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, "ఆ కుర్రవాడు ఆరో సెక్షన్ కింద దావా వేస్తే నీ వకాలత్ నేను పట్టను" అన్నారు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోని ఆ సెక్షన్ ప్రకారం, చట్టప్రకారం కాకుండా ఎవరినైనా ఒక చోటి నుంచి వెళ్ళగొడితే, ఆస్తి ఎవరిదన్న ప్రశ్నతో నిమిత్తం లేకుండా, వాళ్ళు ఆరు నెలల లోపల ఆ స్వాధీనం కోసం దావా వేయవచ్చు. ఉచితంగా ఉన్న అతిథికి అది దక్కడం కష్టమని నీకు పైన చెప్పిన తీర్పు తరువాత అనవచ్చు. కానీ ఆ మాట అనిపించుకోవడానికి నువ్వు ఎన్ని వాయిదాలు తిరగాలో నాకు తెలుసు.

దావా రాలేదు. వారం తరువాత వాడి తండ్రి అర బస్తా వేరుశనక్కాయలు భుజాన వేసుకుని వచ్చి, "మావాడు మీకు బరువయ్యాడు, మన్నించండి" అన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. దావా వేసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఆ అబ్బాయి ఇప్పుడు దామలచెరువులో ఒక మామిడి మండీలో లెక్కలు రాస్తున్నాడు, పెళ్ళిళ్ళలో కనబడితే పలకరిస్తాడు. నన్ను మామా అని మాత్రం పిలవడు.

అందువల్ల ఆదివారం నువ్వు చేయవలసిన పని వేరు. వాడిని కొండకు వెళ్ళి రానివ్వు. సోమవారం పగటిపూట, భోజనం పెట్టిన తరువాత, అల్లుడుగారు ఇంట్లో ఉన్నప్పుడు, మీ అత్తగారిని కూడా కూర్చోబెట్టి చెప్పండి. రాత్రి చెప్పవద్దు, పాప ఎదుట చెప్పవద్దు, వాడి కోచింగ్ స్నేహితుల ముందు అసలే వద్దు. మే నెల 31వ తేదీ లోపల గది ఖాళీ చేయాలని తేదీతో సహా చెప్పాలి. "చూసుకో నాయనా" అని నానిస్తే వాడు ఇంకో పధ్నాలుగు నెలలు చూసుకుంటాడు. అదే రోజు ఆ తేదీని వాడికి వాట్సాప్‌లో కూడా రాసి పంపించండి. బాలాజీ కాలనీ వైపు కుర్రాళ్ళ హాస్టళ్ళు ఉన్నాయి, ముందుగా నువ్వే ఒకటి రెండు చూసి ఉంచు. మొదటి నెల మంచం డబ్బు మీరే కట్టండి. అది వాడికి భిక్ష అని అల్లుడుగారు అనవచ్చు. పోయిన స్నేహితుడి కొడుకు కదా, ఆయనకూ ఏదో ఒకటి చేశానన్న తృప్తి ఉండాలి.

వాడు ఉద్యోగం వచ్చిందని ఇంట్లో అబద్ధం చెప్పాడనీ, తల్లి ఆవుల పాలు పోసి సంపాదించిన దానిలోంచి ఇంకా వాడికే డబ్బు పంపుతోందనీ విన్నప్పుడు నాకు వాడి మీద కోపం వచ్చింది, వెంటనే భయం కూడా వేసింది. ఆవిడకు నువ్వు ఫోన్ చేసి చెప్పకు. వాడే చెప్పుకోవడానికి వారం గడువు ఇవ్వు. చెప్పకపోతే అల్లుడుగారు వాడిని వెంటబెట్టుకుని పుంగనూరు వెళ్ళి, వాడి పక్కన కూర్చుని చెప్పించాలి. ఇరవై రెండేళ్ళ కుర్రవాడికి ఇల్లూ, అబద్ధమూ ఒకేరోజు పోతే ఎటు పోతాడో చెప్పలేం. మాటల్లో బతుకు మీద విరక్తి కనబడినా, తిండి మానేసినా, వాడిని ఒంటరిగా వదలవద్దు. 14416కి ఫోన్ చేస్తే, మనసు బాగాలేనివాళ్ళకు సాయం చేసే ప్రభుత్వ టెలి మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు. నేను మరీ భయపడుతున్నానని మీ అత్తయ్య అంటోంది. ఆ చెప్పుల చప్పుడు ఆమె వినలేదు.

వాడు మీ అత్తగారిపై చేయి చేసుకున్నాడని ఆర్డీవో గారికి అర్జీ పెట్టమని ఎవరో సలహా ఇచ్చారట. ఆ మాట చెప్పినవాళ్ళను ఇంటికి రానివ్వకు. 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం పిల్లలకూ, పిల్లలు లేని పెద్దవాళ్ళ వారసులకూ సంబంధించినది, అతిథులకు కాదు. అబద్ధపు ఫిర్యాదు కుర్రవాడి ఉద్యోగాలన్నిటికీ అడ్డం పడుతుంది. నిజంగా బెదిరిస్తే మాత్రం ఆలోచించకుండా 112కు ఫోన్ చేయి, అది వేరే సంగతి.

తేదీ దాటినా కదలకపోతే మీ అత్తగారి సంతకంతో నోటీసు స్పీడ్ పోస్టులో పంపిద్దాం. దానికీ కదలకపోతే తిరుపతి కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో, దావా వేయకముందే లోక్ అదాలత్‌కు అర్జీ పెట్టవచ్చు. కోర్టు ఫీజు ఉండదు, అక్కడ రాజీ కుదిరితే వాళ్ళిచ్చే తీర్పు, దాన్నే అవార్డు అంటారు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం. రాజీ కుదరకపోతేనే దావా. అంతవరకు రాదని నా నమ్మకం, వస్తే నేను వస్తాను.

ఈ ఉత్తరంతో ఒక ప్లాస్టిక్ ఫైలు పంపుతున్నాను, బటన్ ఉన్నది. ఎండాకాలంలో వానెక్కడిది అని నవ్వకు. వాడి సర్టిఫికెట్లు ఆ గదిలో అలమార పైన పాలిథీన్ కవరులో ఉన్నాయని మీ అమ్మ చెప్పింది. ఫైలు నువ్వు ఇచ్చినట్టు కాకుండా, చిత్తూరు నుంచి మా మామయ్య నీకోసం పంపాడని చెప్పి వాడి చేతికే ఇవ్వు, సర్దుకునే పని వాడినే చేసుకోనివ్వు.

ఇట్లు,
మీ మామ