తుపాకీ ముచ్చట్లు: తాత రైఫిల్ గొట్టం మీద ఏం రాసి ఉంది?

మీ ఇండ్లలో లైసెన్స్ మీద ఉన్న తుపాకుల ముచ్చట్లు రాయమని పోయిన నెల అడిగాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఫొటోలు పంపినవాళ్లలో సగం మంది మీసం తిప్పుతూ దిగారు గానీ, తుపాకీ మీద నంబరు కనబడేలా ఒక్కరూ తీయలేదు. నేను 1970లో, పదిహేనేళ్ల వయసులో, హన్మకొండలో ఒక రిపేరు దుకాణంలో పనికి కుదిరాను. షికారు సీజన్ రెండే రెండు చూశాను. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చి వేట చాలామటుకు బంద్ అయ్యింది. తుపాకులు మాత్రం ఇండ్లలోనే ఉండిపోయాయి. నా పని కూడా ఉండిపోయింది.

నర్సంపేట నుంచి ఒక పాఠకుడు: మా తాత పాకాల అడవిలో షికారు చేసేవాడట. ఆయన రైఫిల్ ఇప్పుడు నాయిన లైసెన్స్ మీద ఉంది. గొట్టం మీద బి.ఎస్.ఎ., .315 అని ఉంది. ఊళ్లో ఒకాయన ఇది త్రీనాట్‌త్రీయే, పోలీసు తూటాలు పడతాయి అంటున్నాడు. నిజమేనా? నాయినకు 72 ఏళ్లు. నా పేరు మీదికి మారుతుందా?

ముందు ఆ ఊరాయనను తుపాకీకి దూరంగా కూర్చోబెట్టండి. త్రీనాట్‌త్రీ (.303) వేరు, త్రీఫిఫ్టీన్ (.315) వేరు. పక్కపక్కన పెడితే అక్కాచెల్లెళ్లలా ఉంటాయి, అందుకే ఈ గోల. బోల్టు (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) ఒకే తీరు, ఎందుకంటే రెండూ బ్రిటిష్ సైన్యం వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ పద్ధతిలో చేసినవే. తూటా మాత్రం వేరే. త్రీనాట్‌త్రీ ఇత్తడి గొట్టం పొడవు 56 మిల్లీమీటర్లు, మీదాని పొడవు 50. మీదాంట్లో గుండు ఇంకాస్త లావు. ఈ .315 అసలు ఆస్ట్రియా-హంగరీ సైన్యం 1890 ప్రాంతంలో వాడిన మాన్‌లికర్ తూటా. మన దేశంలో సైన్యం తూటా జనం చేతికి చిక్కితే తిరగబడతారని తెల్లవాళ్లకు భయం. అందుకని షికార్లకు వేరే కొలత తూటాతో రైఫిళ్లు అమ్మారు. బర్మింగ్‌హామ్‌లో బి.ఎస్.ఎ. కంపెనీ అట్లా చేసిందే మీ తాత రైఫిల్. మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన చిన్న బొమ్మ ఎక్కడన్నా ఉందేమో వెతకండి, అది వాళ్ల గుర్తు. త్రీనాట్‌త్రీ మామూలు జనానికి నిషేధించిన బోరు (గొట్టం కొలత). దాని తూటా ఒక్కటి ఇంట్లో దొరికినా కేసే. పడుతుందో లేదో చూద్దామని సరదాకు కూడా పెట్టొద్దు.

మీరు రాయలేదు గానీ అడుగుతున్నా, ఇది కర్జన్ దొర ఇచ్చిన తుపాకీ అని మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదా? 1902లో అప్పటి వైస్రాయ్ లార్డ్ కర్జన్ మీ పక్కనే నెక్కొండ దగ్గర షికారు క్యాంపు వేశాడు. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ స్టూడియో తీసిన ఫొటోలు కూడా ఉన్నాయి. అప్పటి నుంచి మీ దిక్కు వచ్చే ప్రతి పాత తుపాకీ ఆయన బహుమానమే! నా బల్ల మీదికే అట్లాంటివి ఓ పది వచ్చి ఉంటాయి. వాటిలో ఒకటైతే 1950లలో బెంగాల్‌లోని ఇషాపూర్ సర్కారు ఫ్యాక్టరీలో చేసిన సరుకు.

పేరు మార్పు సంగతి. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్స్‌దారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, బతికుండగానే వారసుడి పేరు మీద లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీ దగ్గరైతే వరంగల్ పోలీస్ కమిషనరేట్‌కు పోవాలి. కమిషనరేట్ లేని జిల్లాల్లో కలెక్టర్ ఆఫీసు. నాయిన చేతనే సంతకాలు పెట్టించండి, వాయిదా వేయొద్దు. పెద్దాయన పోయాక ఆర్నెల్లు బీరువాలో పెట్టి మరిచిపోయినవాళ్లను చూశాను. అప్పటికి ఆ తుపాకీ లైసెన్స్ లేని తుపాకీ కింద లెక్క. ఇంకో మాట, 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండుకు మించి ఉండకూడదు. వారసత్వంగా వచ్చినా ఆ రెండింటిలోనే.

జగిత్యాల నుంచి: మా ఇంటి జంటగొట్టాల తుపాకీ మీద పాము చర్మంలా అలలు అలలుగా గీతలున్నాయి. గొట్టాల కింద ‘నాట్ ఫర్ బాల్’ అని చెక్కి ఉంది. బాల్ ఆడొద్దు అని ఎందుకు రాశారు? దీన్ని పేల్చవచ్చా?

నవ్వాను బిడ్డా, ఏమనుకోకు. ఇక్కడ బాల్ అంటే ఒంటి గుండు. గొట్టం మూతి దగ్గర కాస్త సన్నంగా చేస్తే చర్రాలు (చిన్న గుండ్లు) చెదరకుండా గుంపుగా పోతాయి. దాన్ని చోక్ అంటారు. అట్లాంటి గొట్టంలో గొట్టమంత లావు ఒంటి గుండు పెడితే మూతి దగ్గర ఇరుక్కుని పగులుతుంది. అందుకే ఇంగ్లండ్‌లో తుపాకులు పరీక్ష చేసే ఇంట్లో ఈ హెచ్చరిక కొట్టేవాళ్లు. ఈ ముద్ర 1875 నుంచి 1887 దాకానే వాడారు. అంటే నీ చేతిలో ఉన్నది 137 ఏళ్లు దాటిన వస్తువు.

ఆ పాము గీతలు డమాస్కస్ గొట్టం గుర్తు. ఇనుము, ఉక్కు పట్టీలను మెలితిప్పి, కడ్డీ చుట్టూ చుట్టి, కాల్చి సుత్తితో అతికించేవాళ్లు. పాత నల్ల తుపాకీ మందు కాలం పని అది. ఇప్పటి తూటాల్లో మందు వేరు, ఒత్తిడి వేరు. పైకి నిగనిగలాడుతున్నా లోపల అతుకుల్లో తుప్పు తిని ఉంటే కంటికి కనిపించదు. పేల్చవద్దు. ఎడమ చేయి సరిగ్గా ఆ గొట్టం కిందనే ఉంటుంది, గుర్తుపెట్టుకో.

ఆ అక్షరాలను మాత్రం ముట్టుకోకు, తుపాకీ పుట్టుక చెప్పేవి ఆ ముద్రలే. దుకాణంలో చేరిన మొదటి ఏడాది మా ఉస్తాద్ నమాజుకు పోయి వచ్చేలోపు మెప్పు పొందుదామని ఒక బెల్జియం తుపాకీ గొట్టాల కింది చదునును గరుకు కాగితంతో అద్దంలా రుద్దాను. ముద్రలన్నీ పోయాయి. ఆయన వచ్చి, కిటికీ వెలుగులో తిప్పి చూసి, గొట్టాన్ని నా ముందు పెట్టి, ‘దీని నోరు కోసేశావు’ అన్నాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మంచిర్యాల నుంచి: కొత్తగా ఇషాపూర్ .315 కొన్నాను. బోల్టు మూసేటప్పుడు బిగుతుగా ఉంది. ట్రిగ్గర్ కొంచెం వదులుగా జరిగి, ఆగి, మళ్లీ నొక్కితేగానీ పేలడం లేదు. మా బావ దగ్గరున్న పాత .275 రిగ్బీ (లండన్ కంపెనీ రైఫిల్) బోల్టు వెన్నలా మూసుకుంటుంది. నేను మోసపోయానా?

మోసమేం లేదు. టెన్షన్ పడకండి. లీ-ఎన్‌ఫీల్డ్ పద్ధతిలో స్ప్రింగు బిగుసుకునేది బోల్టు ముందుకు తోసేటప్పుడు. రిగ్బీది మౌజర్ బోల్టు, దాంట్లో పిడి పైకి లేపేటప్పుడే స్ప్రింగు బిగుసుకుంటుంది. మీ బావను ఖాళీ రైఫిల్ పిడి నెమ్మదిగా లేపమనండి, ఆ బిగుతు అక్కడ దొరుకుతుంది. ట్రిగ్గర్ కూడా అంతే. ముందు కొంత వదులు, తర్వాత గట్టి, ఆ గట్టి దగ్గర ఊపిరి బిగబట్టి నొక్కాలి. అది లోపం కాదు, కావాలని చేసిందే. తేలిక చేస్తానని ఏ మెకానిక్ అన్నా ఆకురాయి తీస్తే తుపాకీ తీసుకుని బయటికి రండి. లోపలి కొక్కెం అరగదీసిన రైఫిల్ చేయి జారి నేల మీద పడి దానంతట అదే పేలిన కేసు నా దగ్గరికి వచ్చింది. పశువుల కొట్టం గోడకు రంధ్రం పడింది, ఆవు బతికింది.

మీ బావ రిగ్బీ గురించి కొంచెం కుళ్లుకోవచ్చు, తప్పులేదు. 436 మందిని చంపిందని చెప్పే చంపావత్ ఆడపులిని కొట్టినందుకు 1907లో వేటగాడు జిమ్ కార్బెట్‌కు బహుమానంగా ఇచ్చింది .275 రిగ్బీనే. అట్లాంటిది ఒక్కసారి నా బల్ల మీదికి వచ్చింది. మూడు రోజుల్లో అయ్యే పనిని పదిరోజులు చేశాను.

కరీంనగర్ నుంచి: అన్న కొడుకు పెళ్లి బరాత్‌లో గాల్లోకి రెండు రౌండ్లు కాలిస్తే ఏమవుతుంది?

రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. డీజే పెట్టుకోండి.

ములుగు నుంచి: మక్కచేను అడవిపందులు రాత్రికి రాత్రి తొక్కేస్తున్నాయి. తాత తుపాకీ ఉండగా నేను చూస్తూ కూర్చోవాలా?

మీ కడుపుమంట నాకు తెలుసు, మా అన్న చేను కూడా అడవి పక్కనే. కానీ మీ లైసెన్స్ పంటరక్షణ కింద ఇచ్చిందైనా, పందిని కాల్చడానికి వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద అటవీశాఖ రాతపూర్వక అనుమతి కావాలి. ముందు రేంజ్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. చీకట్లో మక్కచేనులోకి .315 పేలిస్తే గుండు పంది దగ్గరే ఆగదు. అవతలి కట్ట మీద పక్క రైతు కూడా కాపలా పడుకుని ఉంటాడు. కరెంటు తీగ మాటే ఎత్తొద్దు, దానికి మనుషులే పోతున్నారు.

హుజూరాబాద్ నుంచి: ఎలక్షన్లకు రైఫిల్ స్టేషన్‌లో డిపాజిట్ చేశాను. తిరిగి ఇచ్చేసరికి గొట్టం నిండా తుప్పు. ఎవరిని అడగాలి?

అడిగి లాభం లేదు. ఈ ఫిర్యాదు నేను యాభై ఏళ్లుగా వింటున్నా. నా సొంత పన్నెండు బోరు కూడా ఒక స్టేషన్ నుంచి కుందా (భుజానికి ఆనించే కట్టె భాగం) మీద టీ గ్లాసు మరకతో తిరిగి వచ్చింది. ఈసారి ఇచ్చే ముందు ఇట్లా చేయండి. నంబరు కనబడేలా ఫొటోలు తీసి, రసీదులో అదే నంబరు ఉందో చూసుకోండి. ఇదివరకు పాత తూటాలు కాల్చి ఉంటే నూనె ఒక్కటే చాలదు. ఆ తూటాల టోపీ మందు (అడుగున నిప్పు పుట్టించేది) కాలితే గొట్టంలో ఉప్పు మిగులుతుంది. అది గాలిలో తేమను లాక్కుంటుంది, నూనెకు కరగదు. బోల్టు తీసేసి, గరాటుతో వెనక నుంచి మరుగుతున్న నీళ్లు పోయండి. గొట్టం పట్టుకోలేనంత వేడెక్కుతుంది, ఆ వేడికే తడి ఆరిపోతుంది. తర్వాత పొడిగుడ్డ, ఆ తర్వాత పలుచగా నూనె. కారేలా పోయొద్దు, కుందా కట్టె తాగి మెత్తబడుతుంది.

మీ ఫొటోలో రైఫిల్ తోలు కేసులో ఉంది. సగం తుప్పుకు అదే కారణం. తోలు తేమను పట్టి ఉంచుతుంది. తాత పేరు అచ్చు వేసి ఉంది కాబట్టి ఆ కేసును గోడకు తగిలించుకోండి. తుపాకీని మాత్రం ఉతికిన నూలుగుడ్డలో చుట్టి ఇవ్వండి.