మంచుయుగమా, హిమయుగమా?

సందేహం: మా ఉన్నత పాఠశాలలో ఆరో తరగతికి ఒకే అంశాన్ని అన్ని సబ్జెక్టుల్లోనూ కలిపి చెప్పాలనుకుని ఐస్ ఏజ్‌ని ఎంచుకున్నాం. సైన్సు మేడం ‘హిమయుగం’ అంటున్నారు, సోషల్ మాస్టారు ‘మంచుయుగం’ అంటున్నారు. తెలుగు మాటకు సంస్కృత మాట కలిపారు కాబట్టి ‘మంచుయుగం’ దుష్టసమాసం అని ఇంకొకరు అభ్యంతరం చెప్పారు. ఈలోగా ఒక పిల్లవాడు లేచి, “మంచుయుగం త్రేతాయుగానికి ముందా, తర్వాతా?” అని అడిగాడు. ఏం చెప్పాలి?
– ఒక తెలుగు ఉపాధ్యాయిని

సమాధానం: రెండు మాటలూ సరైనవే. కానీ ఆరో తరగతికి మంచుయుగమే మంచిది. సైన్సు, సోషల్, లెక్కలు, డ్రాయింగు అన్నింటిలోనూ అదొక్కటే వాడండి. పీరియడుకో పేరు వినిపిస్తే పిల్లలు రెండు వేర్వేరు యుగాలు ఉన్నాయనుకుంటారు.

దుష్టసమాసం అన్న అభ్యంతరం నిలవదు. ‘మంచు’ తెలుగు మాట, ‘యుగం’ తత్సమం, అంటే సంస్కృతం నుంచి వచ్చిన మాట. ఇలాంటి కలయికను మిశ్రసమాసమని బాలవ్యాకరణమే ఒప్పుకుంది. పాఠ్యపుస్తకాల్లో ‘పాత రాతియుగం’ ఉండగా మంచుయుగానికి వచ్చిన లోటేమిటి? 1837లో జర్మన్‌లో ఈ పేరు పెట్టిన కార్ల్ షింపర్ కూడా వాడుకలో ఉన్న ‘మంచు’, ‘కాలం’ అనే రెండు మామూలు మాటలనే కలిపాడు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త లూయీ అగస్సీ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. మనం మాత్రం ‘మంచుకాలం’ అనలేం, మనకు అది ధనుర్మాసం చలి రోజులనే గుర్తుచేస్తుంది. అందుకే ‘యుగం’ కావలసి వచ్చింది.

అయితే ‘మంచు’తో ఒక చిక్కుంది, దాన్ని మొదటి రోజే విప్పాలి. తెల్లవారుజామున రోడ్డు కనపడకుండా చేసేదీ మంచే, గడ్డిపరక మీద నిలిచేదీ మంచే, కాశ్మీర్‌లో కురిసేదీ మంచే. మన పిల్లలకు మొదట తోచేది పొగమంచు. కాబట్టి పొగమంచు, మంచుబిందువు, కురిసే మంచు, మంచుగడ్డ, మంచుపలక అని విడదీసి చెప్పండి. మంచుయుగంలోని మంచు ఈ చివరిది, విశాలమైన నేలను కప్పేసే దళసరి మంచు. కెనడా మీద అది దాదాపు 3 కిలోమీటర్ల మందాన పేరుకుంది. అప్పుడు మన ఊళ్ళూ మంచులో కూరుకుపోయాయని మాత్రం పిల్లలు అనుకోకూడదు. మన నేల మీద మంచుపలక లేదు. ఇక్కడ రుతుపవనాలు బలహీనపడి వానలు తగ్గాయి. చాలా నీరు మంచుగా బిగుసుకోవడంతో సుమారు 21,000 ఏళ్ళ కిందట సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా దిగువన ఉండేది. అప్పుడు మనకూ శ్రీలంకకూ మధ్య నేలే. సోషల్ మాస్టారు మ్యాపు మీద ఇది గీయించవచ్చు.

ఇక త్రేతాయుగం. ఆ పిల్లవాణ్ణి కసరవద్దని మీ సహోపాధ్యాయులకు చెప్పండి. వాడి ప్రశ్న చాలా మంచిది, తప్పు మనం మాట వాడిన తీరులో ఉంది. ‘యుగం’ అంటే మొదట కాడి, జత. ‘పదయుగం’ అంటే రెండు పాదాలు. తర్వాత కాలానికి కొలతగా వచ్చింది, కానీ ఆ కొలత ఎప్పుడూ ఒక్కటి కాదు. వేదాంగ జ్యోతిషంలో యుగం అంటే అయిదేళ్ళు. పురాణాల్లో ఒక్క కలియుగమే 4,32,000 ఏళ్ళు. చరిత్రలో మనిషి వాడిన పనిముట్టును బట్టి రాతియుగం, ఇనుపయుగం. భూగోళ శాస్త్రంలో వాతావరణాన్ని బట్టి మంచుయుగం. ఇవి ఒకే వరుసలో నిలబడవు. కృత, త్రేత, ద్వాపర, కలి అని వరుస చెప్పడం పిల్లలకు అలవాటు కాబట్టి, మంచుయుగం అయిపోయాక రాతియుగం వచ్చిందని కూడా అనుకుంటారు. నిజానికి ఆ రెండూ చాలావరకు ఒకే కాలం. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో దీనికి సాక్ష్యం ఉంది. సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం పేలి వచ్చిన బూడిద అక్కడ పొరగా నిలిచింది. ఆ పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. మంచుయుగంలో రాతియుగపు మనుషులు మన రాయలసీమలోనే బతికారని చెబితే ఏ పిల్లవాడైనా చెవులు రిక్కించి వింటాడు.

లెక్కల టీచరుకు ఒక మాట. మంచు బాగా పెరిగిన కిందటి దశ ముగిసిన కాలం సైన్సులో ‘11,700 ఏళ్ళ కిందట’ అని, చరిత్రలో ‘క్రీ.పూ. 9700’ అని ఉంటే పిల్లలు రెండు సంఘటనలు అనుకుంటారు. రెండూ ఒకటేనని వాళ్ళ చేతే కూడించండి. మిలియన్లు వద్దు, లక్షలు చెప్పండి. మంచుయుగం మొదలై సుమారు 25.8 లక్షల ఏళ్ళు. వెయ్యేళ్ళకు ఒక సెంటీమీటరు చొప్పున వరండాలో గీత గీస్తే దాదాపు 26 మీటర్లు వస్తుంది. అందులో 11,700 ఏళ్ళు జానెడు కూడా ఉండవు. 6.6 కోట్ల ఏళ్ళ కిందట అంతరించిన రాక్షసబల్లులు ఆ వరండాలో పట్టనే పట్టవు. ఏనుగుల్లాంటి మామత్‌ల పక్కన వాటి బొమ్మ వేసేవాళ్ళకు ఇదే జవాబు.

మీరు అడగకపోయినా ఇంకో రెండు చెబుతాను. ‘చివరి మంచుయుగం’ అని రాస్తున్నారు. ‘చివరి’ అంటే ఇక రాదని అర్థం. కిందటి ఏడాది అన్నట్టే ‘కిందటి మంచుయుగం’ అనండి. శాస్త్రం కూడా ఇక రాదని చెప్పడం లేదు. మంచు పెరగడం, తగ్గడం భూకక్ష్యలోనూ భూమి వాలులోనూ వచ్చే మార్పులతో ముడిపడి ఉందని సెర్బియా శాస్త్రవేత్త మిలంకోవిచ్ లెక్కగట్టాడు. గ్రీన్‌లాండ్, అంటార్కిటికాల మీద మంచుపలకలు ఇంకా ఉన్నాయి కాబట్టి, శాస్త్రవేత్తల లెక్కలో మనం ఇప్పుడున్నది కూడా 25.8 లక్షల ఏళ్ళ కిందట మొదలైన ఆ పెద్ద మంచుయుగంలో మంచు తగ్గిన దశే; మనం ‘కిందటి మంచుయుగం’ అనేది అందులో మంచు పెరిగిన కిందటి దశను. పై తరగతుల్లో ఈ సంగతి చెప్పవచ్చు.

రెండోది, నేల మీద మెల్లగా జారే మంచు నదిని (గ్లేషియర్) ‘హిమనీనదం’ అని రాయకండి. ‘హిమానీనదం’ సరైన రూపం. హిమానీ అంటే పెద్ద మంచురాశి. ‘హిమానీ హిమసంహతిః’ అన్నది సంస్కృత నిఘంటువు అమరకోశం. పెద్ద అడవి ‘అరణ్యాని’ అయినట్టే ఇదీను. బోర్డు మీద దీర్ఘం పోకుండా చూడండి.